వియ్యంకుణ్ణి గెంటేదెట్ల?

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్గొండలో ఏ కుర్రాణ్ణి కదిపినా జలజలా బిట్లు రాలేవి. (బిట్లంటే తెలియని అదృష్టవంతులకు చిన్న వివరణ: పైన ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు, అందులో ఒకటి ఒప్పు. లోకంలోని సమస్త జ్ఞానమూ ఈ ఆకారంలోనే పుట్టిందని మేం మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లం.) సర్కారు కొలువుల నోటిఫికేషన్ ఇవాళ పడుతుంది, రేపు పడుతుంది అని ఎవరో ఒకరు రోజూ చెప్పేవారు. పడ్డనాడు దొరికిపోకూడదని కిరాయి గదుల్లో చాపలు పరుచుకుని చదివేవాళ్లం. కృష్ణానది మా జిల్లా అంచునే పారుతుంది. అందులో కాలు పెట్టినవాళ్లు మాలో తక్కువ గానీ, దాని పొడవెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం.

నాకు మాత్రం వ్యాయామ టీచరు కావాలని ఉండేది. ఆటలంటే ప్రాణమని కాదు. మా ఊరి బళ్లో పని తక్కువ, దర్జా ఎక్కువ ఉన్న మనిషి ఆయనొక్కడే. దానికి శిక్షణ కాలేజీలో సీటు రావాలి. నా మార్కులకు మామూలుగా రాదు, స్పోర్ట్స్ కోటాలో అయితే రావచ్చు. అప్పటికే రెండేళ్లు గదిలో కూర్చుని తిన్నానేమో, మా బాపు, అంటే నాన్న, ఒకనాడు రామన్నపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి తేల్చేశాడు. "ఈ ఏడు సీటొస్తే చదువు. రాకపోతె సప్పుడు చెయ్యకుంట మామ దుకాణంల కూసో." మామ అంటే మా అమ్మ తమ్ముడు. రామన్నపేటలో ఎరువుల దుకాణం. ఆ దుకాణంలో పురుగుమందు వాసన ఒంటికి పట్టిందంటే సబ్బుకు లొంగదు. పైగా మామ కొలువులో కూర్చున్నవాడు మామ మాటలన్నీ వినాలి. నాకు వాసన కంటే అదే ఎక్కువ భయం.

అప్పుడు నన్ను ఆదుకున్నవాడు విజిల్ సార్. రిటైరైన వ్యాయామ టీచరు. పెళ్లిళ్లకు కూడా మెళ్లో విజిల్‌తోనే వచ్చేవాడు, భోజనాల దగ్గర తోపులాట జరిగితే ఊదేవాడు కూడా. ఆయన నా భుజం మీద చెయ్యేసి రహస్యం చెప్పాడు. "కబడ్డీల జాగ లేదు బిడ్డా. వాలీబాల్ల అసలే లేదు. గీ బేస్‌బాల్ అని ఒకటుంది చూడు, దాంట్ల మన జిల్లాకెల్లి మనిషే లేడు. మనం పోవుడే ఆలస్యం."

అలా జట్టు తయారైంది. నాలాగే సీటో కొలువో కావలసిన వాళ్లమే అందరం. మాలో నిజంగా బంతి కొట్టగలవాడు ఒక్కడే, పొడుగోడు. వాడికి మామిడికాయలు రాలగొట్టడంలో చిన్నప్పటి నుంచీ అనుభవం. సాధన చేద్దామంటే కాలేజీ మైదానంలో క్రికెట్ వాళ్లు అడుగు పెట్టనిచ్చేవారు కాదు. దాంతో విజిల్ సార్ మా ఊళ్లకు తగిన ఉపాయం ఆలోచించాడు. మైదానం లేకపోతే ఏం, గది ఉంది కదా! బేస్‌బాల్‌ను బిట్లుగా నేర్చుకుందాం!

ఇంటర్నెట్ సెంటరు కుర్రాణ్ణి ఆయన "బేస్‌బాల్ల ముఖ్యమైనోళ్ల సంగతి తియ్యి" అని అడిగితే, వాడు హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన మేనేజర్ల చరిత్రలు ప్రింటు తీసి ఇచ్చాడు. (ఆట నియమాలు కూడా తీసేవాడేనట. ఇంకు అయిపోయింది.) అమెరికాలో జట్టును నడిపించే పెద్దమనిషిని మేనేజరంటారని, ఎవరు ఆడాలో ఎవరు కూర్చోవాలో ఆయన మాటే చెల్లుతుందని సార్ వివరించాడు. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే ఏంటని పొడుగోడు అడిగాడు. "మన దగ్గర పెద్దోళ్లకు చౌరస్తాల విగ్రహం పెడ్తరు గద. వాళ్లకు చౌరస్తాలు సరిపోలె. అందర్ని కంచు పలకల మీద చెక్కి ఒక్క ఇంట్ల గోడలకు కొట్టిన్రు" అన్నాడు సార్. ఇంత సులువుగా నాకు ఏ పాఠమూ ఇప్పటిదాకా అర్థం కాలేదు.

ఆ మేనేజర్ల పేర్లు మా నాలుకలకు లొంగలేదు. అందుకని సార్ వాళ్లకు మన పేర్లు పెట్టాడు. మొదటివాడు సూటు తాత. అందరూ ఆట బట్టలు వేసుకుంటే ఈయన మాత్రం సూటు, గట్టి కాలరు, నెత్తిన టోపీతో కూర్చుని యాభై ఏళ్లు ఒకే జట్టును నడిపాడు. ఆయనంత ఎక్కువ ఆటలు గెలిచిన మేనేజరు ఇంకొకడు లేడు. రెండోవాడు టమాట సార్. అంపైర్లతో కాలు దువ్వడం, మట్టి తన్నడం, ఖాళీ దొరికినప్పుడు మైదానం మూలన టమాటాలు పండించడం ఈయన పనులు. మూడోవాడు గెంటుడు సార్. అంపైరు చేత మైదానం నుంచి గెంటించుకోవడంలో ఈయనను మించినవాడు లేడు. కోపం ఆపుకోలేక కొన్నిసార్లు, కావాలనే కొన్నిసార్లు. తమకోసం పెద్దాయన గెంటించుకున్నాడే అని ఆటగాళ్ల రక్తం మరిగి, ఓడిపోయే ఆట గెలుస్తారట. విజిల్ సార్‌కు ఈ బిట్టు తెగ నచ్చింది. ఆ కాయితం చదువుతున్నప్పుడు ఆయన కళ్లల్లో మెరుపు చూశాను గానీ, అది మా కొంప ముంచే మెరుపని నాకు తెలియలేదు.

మూడు నెలల్లో మేం తిరుగులేని జట్టు అయ్యాం. "కింది వారిలో మైదానంలో కూరగాయలు పండించిన మేనేజరు ఎవరు?" అంటే పన్నెండు గొంతులు ఒక్కసారి "సి!" అని అరిచేవి. బంతి మాత్రం ఇంకా చేతికి దొరికేది కాదు.

రాష్ట్ర పోటీలు పాలమూరులో పెట్టారు. (మహబూబ్‌నగర్ అని ఆఫీసుల వాళ్లంటారు.) అంతా చేసి నాలుగు జట్లు వచ్చాయి. ఒక్క ఆట గెలిస్తే ఫైనల్. ఫైనల్లో ఓడినా రెండో స్థానం, రెండో స్థానం సర్టిఫికెట్టుకు కోటాలో సీటు ఖాయం. ఆ ఒక్క ఆట ఓడితే "పాల్గొన్నాడు" అని ఒక కాయితం ఇస్తారు. అది గోడకు కొట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అంటే నాకూ మామ దుకాణానికీ మధ్య ఉన్నది పాలమూరు జట్టొక్కటే.

అమెరికాలో మేనేజర్లు కూడా ఆటగాళ్ల బట్టలే వేసుకుంటారని చదివి, విజిల్ సార్ తనకూ ఒక జత కుట్టించుకున్నాడు. బిగుతు ప్యాంటు, మోకాళ్ల దాకా మేజోళ్లు. ఆయన బొజ్జకు గుండీలు పట్టలేదు, మీద తువ్వాల కప్పుకున్నాడు. తీరా మైదానంలోకి వెళ్లాక చూస్తే అంపైరు ఎవరో కాదు, సార్‌కు వియ్యంకుడు! కోస్గి నుంచి వచ్చి పాలమూరులో ఇల్లు కట్టుకున్న ఆయన కూడా వ్యాయామ టీచరే. ఆయన కూతుర్ని సార్ కొడుక్కు ఇచ్చి ఏడాదైనా కాలేదు. వియ్యంకుణ్ణి ఆ మేజోళ్లలో చూసి ఆయన ఒక క్షణం తడబడ్డాడు గానీ, పిల్లనిచ్చినవాడు కదా, పల్లెత్తు మాట అనకుండా రెండు చేతులూ జోడించాడు.

ఆట సగమయ్యేసరికి మేం వెనకబడ్డాం. సార్ లేచి తువ్వాల విసిరి కొట్టాడు. సమయం వచ్చిందని మాకు అర్థమైంది. గబగబా మైదానం మధ్యకు వెళ్లి అంపైరు ముందు నిలబడి, "కండ్లు కనవడ్తలేవా? గది ఔటెట్లయితది?" అని గర్జించాడు.

"తప్పయింది బావా" అన్నాడు అంపైరు.

సార్ బిత్తరపోయాడు. ఇలాంటి జవాబు ప్రింటులో లేదు. టమాట సార్‌ను తల్చుకుని కాలితో మట్టి తన్నాడు. అంపైరు వంగి, సార్ బూటు మీద పడ్డ దుమ్మును తన రుమాలుతో తుడిచాడు. "ఎండల నిలవడ్డరు, కుర్చీ తెప్పిస్త ఉండున్రి" అని ఒకణ్ణి పంపించాడు.

సార్ గొంతు తగ్గించి బతిమాలాడు. "బావా, నన్ను బయటికి గెంటు. గెంటితేనే మా పోరగాళ్లకు రోషమొస్తది."

"అయ్యో, గదేం మాట! మిమ్ముల గెంటితె రేపు మా బిడ్డ మీ ఇంట్ల మొఖమెట్ల ఎత్తుకుంటది? వియ్యంకుణ్ణి గెంటేదెట్ల?"

"నేనే చెప్తున్న గద, గెంటు!"

"మీరు చెప్తరు. అక్క వింటదా?" అన్నాడు అంపైరు. అక్క అంటే సార్ భార్య.

కుర్చీ వచ్చింది. వెనకే చాయ్ వచ్చింది. మైదానం నడిమిట్ల, బంతి విసిరేవాడికి అడ్డంగా కూర్చుని మా మేనేజరు చాయ్ తాగాడు. పాలమూరు వాళ్లు ఊరుకుంటారా? "అంపైరు వియ్యంకునికి చాయ్ తాపుతాండు! గీ ఆటల నాయముందా?" అని గోల లేపారు. అంతే, పాపం అంపైరు బెదిరిపోయాడు. తనకు పక్షపాతం లేదని రుజువు చేసుకోవడానికి ఇక ప్రతి తీర్పూ మాకు వ్యతిరేకంగానే ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ సార్ కుర్చీ దగ్గరికి వచ్చి "ఏమనుకోకున్రి బావా" అని చెప్పి వెళ్లేవాడు.

ఇంత జరిగినా చివరికి ఒక్క పరుగు తేడా దగ్గరికి వచ్చామంటే పొడుగోడి పుణ్యం. ఇక ఒక్కడు ఔటైతే మా కథ ముగుస్తుందనగా నా వంతు వచ్చింది. బేస్‌బాల్లో ఒక దయగల నియమం ఉంది. విసిరేవాడు నాలుగు తప్పు బంతులు వేస్తే, కొట్టేవాడు ఏమీ చెయ్యకపోయినా మొదటి మూలకు పంపిస్తారు. ఏమీ చెయ్యకపోవడంలో నాకు రెండేళ్ల అనుభవం ఉంది. కదలకుండా నిలబడ్డాను. నాలుగూ తప్పు బంతులే! మొదటి మూలకు చేరాను. తరువాత పొడుగోడు వచ్చి, మామిడితోటలో కొట్టినట్టు ఒకటి కొట్టాడు. బంతి గోడ దగ్గర పడింది. నేను పరుగు మొదలుపెట్టాను. మూలలన్నీ తిరిగి బయలుదేరిన చోటికి చేరితే పరుగులు సమం. బంతి కంటే ముందు నేను చేరితే సేఫ్, నాకంటే ముందు బంతి వస్తే ఔట్. నా వెనకే పొడుగోడు వస్తున్నాడు, వాడూ చేరితే గెలుపు.

బతుకులో అంత గట్టిగా నేనెప్పుడూ పరుగెత్తలేదు. దుకాణం, వాసన, మామ అందరూ నా వెనక పడుతున్నారు. బయలుదేరిన చోట నేలలో పాతిన పలక మీద కాలు పెట్టాను. ఆ తరువాత బంతి వచ్చి పాలమూరు వాడి చేతిలో పడింది. నా కాలికి తెలుసు, ఆ బంతికీ తెలుసు. అంపైరు నా వైపు చూశాడు. గోల చేస్తున్న పాలమూరు జనాన్ని చూశాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డ వియ్యంకుణ్ణి చూశాడు. కళ్లు మూసుకుని "ఔట్" అన్నాడు.

విజిల్ సార్ ఈసారి కాయితాలన్నీ మరిచిపోయాడు. పరుగెత్తుకొచ్చి వియ్యంకుడి చొక్కా పట్టుకుని, "పోరని బతుకు బావా! కండ్లార చూసినవ్ గద, పోరని బతుకు!" అన్నాడు. అది గెంటించుకోవడానికి వేసిన వేషం కాదు. నాకోసం అలా కొట్లాడిన మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

అంపైరు చొక్కా సర్దుకుని, గడియారం చూసుకుని నెమ్మదిగా అన్నాడు. "ఆట ఒడిసింది బావా. ఇగ బయటికి పోదాం పాండ్రి. ఇంట్ల కోడి కోసిన్రు."

జట్టంతా వెళ్లాం. ఓడిపోయినవాడికి అంత ఆకలి ఎందుకు వేస్తుందో తెలియదు. నేను తల వంచుకుని తింటుంటే అంపైరు స్వయంగా వడ్డిస్తూ నా పక్కన వంగాడు. "బిడ్డా, నువ్వే ముందుగాల అందుకున్నవ్. నా కండ్లతోని చూసిన. సేఫంటే మా పాలమూరోళ్లు నన్ను బతకనియ్యరు గద" అని గుసగుసగా చెప్పి, ఇంకో రెండు ముక్కలు వేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారం వల్ల అని అందరికీ చెప్పాను. ముక్కలు మాత్రం వదల్లేదు.

అలా నేను మామ దుకాణంలో కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మామకు మోకాళ్ల నొప్పులు వచ్చాక నన్నే అందరూ మేనేజరంటున్నారు. యూరియా బస్తాలు తక్కువ వచ్చిన రోజున కొట్లాటకు వచ్చేవాళ్లు వస్తారు, మట్టి తన్నేవాళ్లు తంతారు. దుకాణం వెనక కాస్త జాగా ఉంటే టమాటాలు పెట్టాను, బాగానే కాస్తున్నాయి. వాసన సంగతంటారా, అలవాటైపోయింది.

మొన్నీమధ్య గిరాకీ లేని మధ్యాహ్నం ఫోన్ చూస్తూ సూటు తాత గురించి చదివాను. ఎక్కువ ఆటలు గెలిచిన మేనేజరు ఆయనే, నిజమే. ఎక్కువ ఆటలు ఓడిపోయిన మేనేజరు కూడా ఆయనేనట! గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువట! జట్టులో వాటా ఆయనదే కాబట్టి తీసేసేవాడు లేడట. అయినా కంచు పలక మీద ఉన్నాడు.

ఆ వారమే విజిల్ సార్ పొలానికి మందు కోసం వస్తే నిలదీశాను. "సార్, సూటు తాత ఓడిన సంగతి మాకెందుకు చెప్పలే?"

సార్ కొంచెం కూడా తడబడలేదు. సీసా వాసన చూసి, మూత బిగించి, "ఓడింది బిట్ల రాదు బిడ్డా" అన్నాడు. సీసా సంచిలో వేసుకుంటూ, "నువ్వు మాత్రం సేఫే" అన్నాడు.

ఆయన వెళ్లిపోయాక చాలాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తరువాత లేచి, బల్ల సొరుగులోంచి ఆ "పాల్గొన్నాడు" కాయితం తీసి, దుమ్ము దులిపి, మామ చూస్తుండగానే దుకాణం గోడకు కొట్టాను.