సూదాయన చెయ్యి

పశువుల ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. సూదాయన అంటే చాలు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ కాంపౌండరు. వీధంతా తనదే అన్నట్టు మొరిగే కుక్క కూడా ఆయన గది గుమ్మం దాటగానే యజమాని కాళ్ళ మధ్యకు దూరి అక్కడే తడి చేసేది. అందుకు ఆయన నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయేవాడు. "భయముంటేనే కదలదు. కదలకపోతేనే నొప్పి తెలీదు" అనేవాడు. అబద్ధమూ కాదు. ఎడమచేత్తో తొడ కండ పట్టి, కుడిచేత్తో సూది దించి, తీసి, దూదితో మూడుసార్లు రుద్దేలోగా ఆ మూగజీవికి ఏం జరిగిందో తెలిసేది కాదు. అలాంటి చెయ్యి చుట్టుపక్కల మరొకటి లేదు. ఆ చెయ్యే ఆయన కొంప ముంచింది. ఎలాగో చెబుతాను వినండి.

ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆయన కూతురికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. వచ్చిన ప్రతివాళ్ళకీ మందుచీటీ కింద ఒక ముక్క రాసిచ్చేది: రోజూ అరగంట దీంతో ఆడండి. బొచ్చు పీక్కుంటున్న పిల్లికీ అదే, తిండి మానేసిన కుక్కకీ అదే, పంజరంలో గుడ్లప్పగించి కూర్చున్న చిలక్కీ అదే. సూదాయనకు ఒళ్ళు మండేది.

"ఆటలతోనే రోగాలు పోతే మనమెందుకమ్మా ఇక్కడ? బంతుల కొట్టు పెట్టుకుంటే పోలా!" అన్నాడొకసారి అందరి ముందూ.

"బంతి ఒక్కటీ ఉంటే చాలదు బాబాయిగారూ, విసిరే మనిషి కూడా ఉండాలి కదా" అని నవ్వేసిందామె. ఆ నవ్వు ఆయనకు వారం రోజులదాకా అరగలేదు.

ఇంట్లో ఆయనకూ ఒక కుక్క ఉంది. గోధుమరంగుది, ఆరేళ్ళది. కూతురు దాన్ని కూనగా ఉన్నప్పుడు వీధిలోంచి ఎత్తుకొచ్చింది. మంచం ఎక్కితే దిగదు కాబట్టి "దొరగారు" అని పిలిచేది. సాయంత్రమైతే ఇద్దరూ ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఆ పిల్ల పాత మేజోడుకు ముడేసి ఏ బీరువా వెనకో దాచేది. దొరగారు మూలమూలలూ వెతికి, తెచ్చి, ఆమె ఒళ్ళో పడేసి, తోక కాదు నడుమే ఊపేవారు. సూదాయన పేపరు వెనక నుంచి "ఏమిటా గోల?" అని కసిరేవాడే తప్ప, ఆ ఆటేమిటో ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

కూతురు నర్సు చదువుకు వేరే ఊరు హాస్టలుకు వెళ్ళిపోయింది. మూడోవారానికి కుక్క ఆమె మంచం కిందికి చేరింది. తిండి సగానికి తగ్గించింది. ముందుకాలు ఒకటి పట్టుకుని నాకడం మొదలుపెట్టి, చర్మం లేచిపోయి ఎర్రగా పుండు పడేదాకా నాకింది.

"దానికి పిల్ల మీద దిగులండీ" అంది భార్య, మిల్లు నుంచి వచ్చి చెప్పులైనా విడవకుండానే.

"దిగులు థర్మామీటరుకు తెలుస్తుందిటే? అంతా క్రిముల పని. నాకు తెలీదా!"

ఆ పూటే చీకిన మేజోడు, నమిలిన బంతి, చెవి ఊడిన గుడ్డ బొమ్మ, అన్నిటినీ సంచిలో కట్టి చెత్తబండిలో వేసేశాడు. "అయ్యో, అవి దాని ప్రాణమండీ" అంటూ భార్య వెంటపడింది. విన్నాడా? ఇరవై ఆరేళ్ళ అనుభవం చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటే మాట ఎలా దిగుతుంది!

ఇక వైద్యం మొదలైంది. నులిపురుగుల మందు, కాలికి పూత, పట్టీ, రోజూ పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు వంటింటి గచ్చు మీద బలానికి ఒక సూది. మొదట్లో సిరంజి డబ్బా చప్పుడైతే చాలు, కుక్క మంచం కింద గోడకు అతుక్కుపోయేది. ఆయన కాళ్ళు పట్టి బయటికి లాగేవాడు. నెల తిరిగేసరికి పారిపోవడం మానేసింది. రెండో నెలకు, ఆయన గచ్చు మీద కూర్చుని చెయ్యి పైకెత్తి సిరంజిలో గాలి తీస్తుంటే అదే నడిచి వచ్చేది. పక్కకు ఒరిగి, వెనకకాలు చాపి, కళ్ళు మూసుకునేది. దూదితో మూడోసారి రుద్దడం అవగానే లేచి మంచం కిందికి వెళ్ళిపోయేది.

"చూశావుటే, ఎంత బుద్ధిమంతుడయ్యాడో దొర!" అని భార్యను పిలిచి మరీ చూపించాడు మహానుభావుడు.

ఆమె చూడలేక ముఖం తిప్పుకుంది. "ఒక్కరోజన్నా వట్టి చేత్తో దాన్ని ముట్టుకున్నారా మీరు?" అంది.

"వట్టి చేత్తో ముట్టుకుంటే రోగం పోతుందా?" అన్నాడు.

ఆదివారం ఆదివారం బరువు చూసేవాడు. కుక్కను ఎత్తుకుని తూకం మిషను ఎక్కి, వచ్చినదాంట్లోంచి తన బరువు తీసేసేవాడు. వారం మొత్తంమీద దాన్ని చేతుల్లోకి తీసుకున్నది ఆ అర నిమిషమే. ఆ అర నిమిషమూ అది గడ్డం ఆయన భుజానికి ఆనించి ఊపిరి వదిలేది. ఆయన కళ్ళు మాత్రం ముల్లు మీదే. పద్నాలుగు కిలోలు. పన్నెండు. పది.

ఆసుపత్రికి తీసుకెళ్ళమని భార్య మొత్తుకుంది. తీసుకెళ్ళడానికి ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఊళ్ళో జంతువులన్నిటికీ సూదులు వేసినవాడు తన కుక్కను పట్టుకెళ్ళి ఆ పిల్ల డాక్టరు ముందు నిలబడటమా! రెండు రోజులు అది పూర్తిగా ముద్ద ముట్టకపోయేసరికి, మూడోనాడు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ రక్తం తీయించింది, కడుపు తడిమింది, గుండె వింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి అడిగింది: "దీనికి ఏ ఆటంటే ఇష్టం బాబాయిగారూ?"

సూదాయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. ఏ తేదీన ఏ మందు, ఎంత జ్వరం, ఎంత బరువు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. "తొమ్మిది కిలోల రెండొందలు" అన్నాడు.

"బరువు కాదండీ. ఆట."

ఆయన నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పాడు. ఈసారి ఆమె నవ్వలేదు. నవ్వినా కాస్త బాగుండేది.

"మందుల్లో మీ లోటేం లేదు. దీనికి తిందామనిపించాలి, లేద్దామనిపించాలి. దీంతో ఆడేది ఎవరో వాళ్ళని పిలిపించండి. ఇలాగే ఉంటే వారం కూడా ఆగదు" అంది.

కూతురికి పరీక్షలు. పదిరోజులదాకా కదలడానికి లేదు. ఫోనులో బావురుమంది. కాసేపటికి తమాయించుకుని చెప్పింది: "మేజోడు పట్టుకుని చెయ్యి బాగా పైకెత్తాలి నాన్నా. 'దొరగారూ, దొంగొచ్చాడు' అనాలి. అప్పుడు వాడు లేస్తాడు. నా మంచం కింద అట్టపెట్టెలో ఉంటుంది చూడు, ముడేసిన మేజోడు. అదే కావాలి వాడికి."

"ఆఁ, ఉందమ్మా" అన్నాడు సూదాయన. చెత్తబండి ఎక్కించిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. కూతురి బట్టల్లో వెతికి ఒక మేజోడు సంపాదించి ముడేశాడు. రోజూ కూర్చునే వంటింటి గచ్చు మీదే కూర్చున్నాడు. ఇంకో చోటు ఆయనకు తట్టనైనా లేదు. గొంతు సవరించుకుని, కుడిచెయ్యి బాగా పైకెత్తి, "దొరగారూ, దొంగొచ్చాడు" అన్నాడు.

ఎదురుగదిలో మంచం కింద చెవులు నిక్కాయి. నమ్మండి, నిక్కాయి! రెండు నెలలుగా వేలాడిన చెవులవి. కుక్క తల బయటపెట్టి చూసింది. ఆయన్ని చూసింది, గచ్చును చూసింది, పైకెత్తిన ఆ చేతిని చూసింది. చెవులు దింపేసింది. వణికే కాళ్ళతో నడిచి వచ్చి, పక్కకు ఒరిగి, వెనకకాలు చాపి, కళ్ళు మూసుకుంది.

"కాదురా... సూది కాదురా నాయనా, లే. ఇదిగో, చూడు" అంటూ మేజోడును దాని ముక్కు దగ్గర పెట్టాడు. కళ్ళు తెరవలేదు. మేజోడు కింద పెట్టి, వట్టి చెయ్యి దాని తొడ మీద వేశాడు. అక్కడి చర్మం ముడుచుకుంది. ఎలా నిమరాలో ఆయనకు తెలియదు. అయినా నిమిరాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి నిమరగానే కుక్క లేచి మంచం కిందికి వెళ్ళిపోయింది.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "ఆడిందా అండీ?" అంది ఆశగా.

సూదాయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"సూది వేయించుకుని వెళ్ళిందే" అన్నాడు.