మావారి టీబీ, నందిగామ స్నేహితుడు

ఒక ఆదివారం చర్చి ప్రార్థనలో మావారు పాట మధ్యలో ఆపేసి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. వెనకాలే వెళ్లా. "గొంతులో దుమ్ము పడింది కాంతం," అన్నారు. రుమాలు జేబులో కుక్కేశారు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. మావారు దేవదానం జగ్గయ్యపేటలో ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. అప్పటికే కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, అన్నం సగంలో వదిలేసేవారు. ఎండల వల్ల అనుకున్నా.

ఆ వారంలోనే నందిగామ నుంచి సీతయ్యగారు వచ్చారు. మేష్టర్ల ట్రైనింగులో మావారూ ఆయనా ఒకే గదిలో ఉన్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడి, "చెల్లెమ్మా, వీడికి దగ్గితే రక్తం పడుతోంది. నీకు చెప్పమంటే చెప్పట్లేదు. రేపు బెజవాడ తీసుకెళ్దాం," అన్నారు. మావారు తల దించుకున్నారు.

భయం తర్వాత వేసింది. ముందు కడుపు మండింది. పక్కన పడుకునే నాకు చెప్పని మాట పొరుగూరి మనిషికి చెప్పారు కదా అని.

బెజవాడలో ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టుకుని, "టీబీ. కుడి ఊపిరితిత్తిలో కావిటీ, అంటే చిల్లు, ఉంది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు వాడాలి. బాగున్నట్టు అనిపించినా నేను చెప్పేదాకా ఆపొద్దు," అన్నారు. అదైనా నాతో అనలేదు, సీతయ్యగారి వైపు చూసి అన్నారు.

పాస్ మింగితే మావారికి కడుపులో తిప్పేది. నేను బతిమాలితే గోడవైపు తిరిగేవారు. సీతయ్యగారు ఆదివారం వచ్చి "మింగరా" అంటే మింగేసేవారు. ఎడంగా కూర్చునే ఇద్దరూ నవ్వుకునేవారు. నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఉమ్మిన గుడ్డలు కాల్చేది నేను, గిన్నెలు మరగబెట్టేది నేను, నవ్వు మాత్రం ఆయనకి.

కొన్ని నెలలకి జ్వరం పోయింది, ఒళ్లు వచ్చింది. మావారు మాత్రలు పెరట్లో పారేస్తున్నారని సీతయ్యగారు కనిపెట్టారు.

"బతకాలని లేకపోతే చెప్పు. నా ముందు నాటకాలాడకు," అన్నారాయన.

"నువ్వు నా డాక్టరువా? మా ఇంటికి రావొద్దు," అన్నారు మావారు.

ఆయన వెళ్లిపోయారు. ఆయన రాని ఆ ఆదివారాలు నాకు హాయిగా ఉన్నాయి. మావారు నాతోనే మాట్లాడేవారు. మాత్ర ఇస్తే "తర్వాత మింగుతాలే" అనేవారు. గట్టిగా అడిగితే నామీదా కోపగించుకుంటారని ఊరుకునేదాన్ని.

వానలు మొదలయ్యాక మళ్లీ రక్తం పడింది, ఈసారి చాలా. "రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది. మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాలి," అన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చాక మావారు, "ఇక నావల్ల కాదు కాంతం, వదిలెయ్," అన్నారు.

మర్నాడు నందిగామ బస్సెక్కా. సీతయ్యగారు స్కూల్లో ఉన్నారు.

"వాడు పిలిచాడా?"

"లేదన్నయ్యగారూ, నేనే వచ్చా. నా మాట వినట్లేదు. మీరు చెప్తే వింటారు."

ఆ మాట నా నోటితోనే అనాల్సి వచ్చింది. ఆయన హెడ్‌మాస్టరుగారితో చెప్పి అప్పుడే నాతో బయల్దేరారు. బస్సులో అన్నారు: "నువ్వు భయపడితే వాడు చూడలేడమ్మా. నేను భయపడినా వాడికి ఫర్లేదు. అందుకే నాతో ముందు చెప్పాడు." అది విన్నాక కూడా నా మనసు కుదుటపడలేదు.

ఆయన్ని చూడగానే మావారి మొహం విచ్చుకుంది. ఆ జబ్బంతటిలో నన్ను చూసి అలా విచ్చుకోవడం ఎరగను. సీతయ్యగారు మాత్రలు తీసి నా చేతిలో పెట్టారు.

"నేను ఆదివారమే వస్తాన్రా. మిగతా రోజులు చెల్లెమ్మదే. నువ్వు తిట్టినా కదలదు."

మర్నాడు మావారు తిట్టారు. నేను కదల్లేదు. చివరికి మింగి, గ్లాసు నా చేతికిచ్చి, "వాడి కంటే మొండిదానివి," అన్నారు. ఆ మాటకి లోపలికెళ్లి కాసేపు ఏడ్చా, సంతోషంగానే.

ఏడాదిన్నర పైనే పట్టింది. ఎక్స్‌రే క్లియర్‌గా ఉందన్నారు. మావారు మళ్లీ స్కూలుకెళ్లారు. సీతయ్యగారు ఇప్పటికీ వస్తారు. వాళ్లిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే నాకు ఇప్పటికీ చిరచిరలాడుతుంది. కాఫీ పెట్టిస్తా, అక్కడే కూర్చుంటా.

టీబీ మనిషి మీ ఇంట్లో ఉంటే మాత్ర చేతికిచ్చి వెళ్లిపోకండి. మింగి నీళ్లు తాగేదాకా ఎదురుగా నిలబడండి. కోపగించుకుంటారు, కోపగించుకోనివ్వండి.