రాని జ్వరం

జరగకుండా ఆగిపోయినదాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. అందుకే దీన్ని పత్రికకు రాసి పంపుతున్నాను.

మాది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఊరు. మా ఆయనకు రక్త క్యాన్సర్ వస్తే కొత్త రక్తం పుట్టించే మూలకణాల మార్పిడి చేశారు. సరిపోయిన కణాలు ఆడబిడ్డ రమణమ్మవి. ఊరంతా ఆమెను దేవత అన్నారు. ఆయన కూడా ప్రతిదానికీ చెల్లెలి ముఖమే చూసేవారు. నాకు కడుపు మండేది.

ఇంటికొచ్చాక వారం వారం నెల్లూరులో రక్తపరీక్ష. ఒకసారి ఆ రోజే ఊళ్లో పాడు చీట్లు వేస్తున్నారు. మా దగ్గర పాడు అంటే వల వేసే వంతు. సరస్సులో ఎవరు ఎప్పుడు వల వేయాలో ఆ చీట్లే తేలుస్తాయి. ఇంటి మగమనిషి రాకపోతే ఆ ఏటి వంతు పోయినట్టే.

"అన్నకి జొరం కూడా లేదు. ఒక్క వారం మానితే ఏమవుద్ది వదినా?" అంది రమణమ్మ.

"మార్పిడి అయినోళ్లకి ఒంట్లో నిద్రపోయే వైరస్ మళ్లీ మేలుకుంటదంట. జొరం రాకముందే అది రక్తంలో తెలుస్తుందంట. లైబ్రరీలో చదివినా."

"చదివి చదివి డాక్టరమ్మ అయిపోయినావే."

ఆయన నవ్వారు. నేను చేయి పట్టుకుని బస్సెక్కించాను.

తర్వాత నర్సు ఫోన్ చేసింది. ఆయన రక్తంలో వైరస్ మేలుకుందని, వెంటనే రమ్మని చెప్పింది. మందులు మొదలుపెట్టారు. జ్వరం రానేలేదు.

రాలేదు కాబట్టి, ఊరి దృష్టిలో నేను అనవసరంగా వంతు పోగొట్టినదాన్ని. రమణమ్మ మాత్రం ప్రాణం పోసిన దేవత. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ సుజాత గారికి, ఫోన్ చేసిన నర్సు మేరీ అక్కకు, మందులిచ్చిన డాక్టర్ రఘు గారికి నా కృతజ్ఞతలు. రమణమ్మకు కూడా. ఆమె తన కణాలు ఇవ్వకపోతే, నేను పట్టుబట్టి పరీక్ష చేయించడానికి ఆ రక్తమే ఉండేది కాదు.