కారుకు పురుడు పోసిన భీమప్ప

వికారాబాదులో మల్లయ్య వకీలు దగ్గర డ్రైవరుగా ఉన్న భీమప్పకు ఒకటే పిచ్చి: కారును చంటిపిల్ల అనుకునేవాడు.

పోలీసు చర్య తర్వాత ఎవరో జాగీర్దారు అమ్ముకుని పోయిన ఆ కారును కొన్నది వకీలే అయినా, సాకింది భీమప్ప. హారన్ గట్టిగా కొడితే దాని గొంతు బొంగురుపోతుందనేవాడు. ఎండ ముదిరితే బానెట్ మీద తడిగుడ్డ వేసేవాడు. అనంతగిరి ఘాటు ఎక్కించాక ముందు దాని వీపు తట్టి, ఆ తర్వాతే వకీలుకు తలుపు తీసేవాడు.

ఆ ఏడు ముసురు పట్టి తెరిపి ఇవ్వలేదు. మూసి ఉంచిన కారులో బూజు పుట్టింది. తోలు సీట్ల మీద తెల్లగా మొదలై, పైకప్పు గుడ్డకు పాకి, స్టీరింగుకు పచ్చని మీసం మొలిపించింది. ఆ వాసనకు షెడ్డులోని ఎలుకలు కాపురం ఎత్తేశాయని ఊళ్లో చెప్పుకున్నారు. తాండూరులో తన చెల్లెలి కొడుకు పెళ్లికి ఆ కారులో రానని వకీలు భార్య మనోరమ తేల్చి చెప్పింది. పెళ్లికి పోకపోతే ఆ మాట బతికినంతకాలం పడాల్సింది తానేనని వకీలుకు తెలుసు.

భీమప్ప సీట్లు ఊడదీశాడు. బూజును చంపే పుల్లటి సిర్కాలో గుడ్డ ముంచి మూలమూలా తుడిచాడు, పొడిగుడ్డతో అద్దాడు, సాంబ్రాణి వేశాడు, దిష్టి కూడా తీశాడు. తడి ఆరడానికి షెడ్డులో కుంపటి పెట్టాలని బస్తాడు బొగ్గులు అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత, కారుకు పురుడు నడుస్తోంది, ఎవరూ అటు రావద్దన్నాడు.

"కారుకు పురుడేందిరా?" అన్నాడు వకీలు.

"కొత్త పానం వోసిన గద, వకీల్ సాబ్. పురుడైదాక జర ఆగుండ్రి."

పెళ్లికి బయలుదేరాల్సిన ఉదయం కూడా కారు బయటికి రాలేదు. వకీలు గొడుగు వేసుకుని తానే షెడ్డుకు వెళ్లాడు. లోపల వెచ్చగా ఉంది. బూజు జాడ లేదు. సీట్లన్నీ వాటి చోట ఉన్నాయి. వెనక సీటులో గొర్ల కాపరి బీరన్న భార్య బీరమ్మ, పక్కన గొంగడిలో చుట్టిన పసివాడు ఉన్నారు.

బీరమ్మ గాభరాగా లేవబోయింది. భీమప్ప ఆమెను కూర్చోమని సైగ చేసి వకీలు ముందు చేతులు కట్టుకున్నాడు. ముసురుకు వాళ్ల గుడిసె కూలిందట. పచ్చి బాలింత, మైల అని ఎవరూ గడప ఎక్కనివ్వలేదట.

"కారుకూ పురుడే, ఈ తల్లికీ పురుడే. ఇగ ఎవలి మైల ఎవలికంటది, సాబ్?"

కోర్టులో ఎంతటి సాక్షి చేతనైనా నీళ్లు తాగించే వకీలు చప్పుడు కాకుండా షెడ్డు తలుపు వేసి, ఇంట్లోకి వచ్చి, రైలులో పోదామన్నాడు భార్యతో.

"కారింక తయారు గాలేదా?"

"పురుడు గాలే," అన్నాడు వకీలు గోడ వైపు చూస్తూ.

మనోరమ కిటికీ దగ్గరకు వెళ్లింది. షెడ్డులోంచి సన్నగా ఏడుపు వినిపించింది. కార్లు అలా ఏడవవని ఆమెకు తెలుసు. రైలుకు టైమవుతున్నా వంటింట్లోకి వెళ్లి, శొంఠి, బెల్లం, నెయ్యి కలిపి బాలింతలకు పెట్టే కాయం ముద్దలు చేసి, గిన్నె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"పొద్దుకో ముద్ద పెట్టుమను కారుకు. పాలు మంచిగ పడ్తయి."