వాసన గడిలో ఏం రాయాలి

మా ఆయన విస్కీ సీసాల్ని మా అత్తగారు బతికున్నంతకాలం మోటారు ఆయిల్ శాంపిళ్ళనే అనుకున్నారు. అలా అని ఆవిడకు చెప్పింది నేనే. మా ఆయనకు రావులపాలెంలో వ్యవసాయ మోటార్ల షాపు ఉంది. అమ్మకాలు బాగుంటే కంపెనీవాళ్ళు డీలర్లను బ్యాంకాకో దుబాయో తిప్పి తీసుకొస్తారు. మిగతా డీలర్లు పెళ్ళాలకు సెంట్లు తెస్తే, ఈయన ఎయిర్‌పోర్టు కొట్లో ఒక సీసా కొనుక్కుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారు దిగేవారు. "కొత్త రకం ఆయిలట అత్తయ్యా, ఎండ తగలకూడదట" అని నేను చెప్పినప్పటినుంచీ ఆవిడ వాటిని రోజూ పొడిబట్టతో తుడిచేవారు. ఒకసారి మోకాలికి కాస్త రాసుకుని, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని పక్కింటావిడకు కూడా రాశారు. ఆ పక్కింటావిడ ఆ సాయంత్రమే కర్ర పారేసి ఏటిగట్టు మీద బస్సుతో పందెం వేసి గెలిచిందని నేను చెబుతూ ఉంటాను. నా మాటల్ని మా చుట్టాలందరూ వడగట్టుకునే వింటారు. మీరూ అలాగే వినండి. ఇకమీదట చెప్పేదాంట్లో మాత్రం వడగట్టడానికి ఏమీ లేదు.

ఆయన తాగుబోతు కాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు సీసా మూతతో రెండు మూతలు కొలిచి గ్లాసులో పోసుకుని, చాలాసేపు దాని వాసన చూస్తూ కూర్చునేవారు.

"తాగేదానికన్నా పీల్చేదే ఎక్కువ. మీకు గ్లాసెందుకండీ, దూదిలో ముంచి ఇస్తాను, చెవిలో పెట్టుకోండి" అనేదాన్ని.

తర్వాత ఆయనకు ఫోన్లో ఒక యాప్ దొరికింది. సీసా మీది లేబుల్‌కు ఫోన్ చూపిస్తే అది ఏ దేశానిదో, ఎన్నేళ్ళు పీపాలో ఊరిందో చెప్పేస్తుంది. లోపల ఎంత మిగిలిందో వేలితో గీత జరిపి పెట్టుకోవచ్చు. మూత విప్పనివి, విప్పినవి, అయిపోయినవి వేరువేరుగా చూపిస్తుంది. షాపులో స్టాకు కూడా ఆయన అంత శ్రద్ధగా చూసుకోలేదు. వీటన్నిటికన్నా ఆయనకు నచ్చింది వాసన గడి. ఎవరికి తోచిన మాట వాళ్ళు అందులో రాసుకోవచ్చు. వేరే దేశాలవాళ్ళు రాసినవి పక్కనే కనిపించేవి. పాత తోలు, తడిసిన రాయి, సముద్రపు నాచు.

"తోలు వాసనొస్తే మనం గుమ్మం బయట విడిచొస్తాం. వీళ్ళేంటండీ, గ్లాసులో పోసుకుంటున్నారు?" అన్నాను.

"ఎకసెక్కాలు తర్వాత. ఇది చూసి చెప్పు, ఏంటో తెలిసినట్టే ఉంది, మాట దొరకట్లేదు" అని గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టారు.

చూశాను. పొగ. మామూలు పొగ కాదు. "తేగలండి. తేగలు కుండలో పెట్టి మంటేసి కాలుస్తారు కదా, ఆ కుండ మూత తీసినప్పుడు గుప్పుమంటుందే, అది."

ఆయన గ్లాసు లాక్కుని మళ్ళీ పీల్చారు. "అబ్బ! అదేనే! ఎంత బాగా పట్టావే!" అని తెలుగులో టైపు చేసుకున్నారు. అలా ఒక్క చుక్క నోట వేసుకోకుండా నేను మా ఇంటి విస్కీలకు ముక్కునయ్యాను. ఒకదానికి మా మార్కెట్టులో అరటి గెలలు మాగేసే గది. ఒకదానికి జంగారెడ్డిగూడెం దారిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్. ఇంకోదానికి, వరద తీసిన తర్వాత గోదారి లంకలో మొదటి ఎండ. ఆ చివరిది రాసుకుంటూ ఆయన తల పైకెత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఇద్దరికీ కలిసి ఆడుకునే ఆట ఒకటి దొరికింది.

ఆ జంగారెడ్డిగూడెం దారిలోనే ఆయన పడిపోయారు. పామాయిల్ తోటలో మోటారు కాలిపోయిందని ఫోనొస్తే బండి మీద వెళ్ళారు. దారికి అడ్డంగా గేదె వచ్చింది. బండి తిప్పబోయి వెల్లకిలా పడ్డారు, తల వెనకభాగం రోడ్డుకు కొట్టుకుంది. హెల్మెట్ ఉండబట్టి మనిషి దక్కాడన్నారు అందరూ. రాజమండ్రి ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చుకుని, కుట్లు మానేదాకా పథ్యం పెట్టాను. ఆసుపత్రి తిండి చప్పగా ఉందన్నారు, సరే అనుకున్నాను. ఇంటి తిండీ చప్పగానే ఉందన్నారు, మందుల వల్ల అనుకున్నాను.

బాగా తేరుకున్నాక ఒక ఆదివారం బీరువా తీశారు. తేగల సీసా మూత విప్పి గ్లాసులో పోసుకున్నారు. పీల్చారు. మళ్ళీ పీల్చారు. వంటింట్లో ఉన్న నన్ను పిలిచారు.

"ఏమే, నేను ఆసుపత్రిలో ఉండగా ఈ సీసా ఎవరైనా తీశారా?"

"ఎవరు తీస్తారండి? తాళం మీ దగ్గరే ఉంది కదా."

ఫోన్ తీసి యాప్‌లో గీత ఎక్కడుందో, సీసాలో మట్టం ఎక్కడుందో పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ సరిపోయాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఇంకో సీసా తీశారు. ఇంకొకటి. నావైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టారు.

"దొంగముఖమా! నువ్వేగా? అసలు సరుకు పారబోసి, టీ డికాషన్ నీళ్ళు కలిపి మట్టం సమానం చేశావు. రంగు కూడా భలే కుదిరిందే!"

ఆయన అలా అనుకోవడంలో తప్పు లేదు. చెయ్యగలిగినదాన్నే. ఒక్క క్షణం ఒప్పేసుకుందామనే అనిపించింది కూడా. నవ్వుతూ దగ్గరికి వెళ్ళేసరికి తేగల పొగ వాసన గదినిండా ఉంది. గ్లాసు ఆయన ముక్కుకు ఆనే ఉంది.

నా నవ్వు ఆగిపోయింది. వంటింట్లోకి పరిగెత్తి ఇంగువ డబ్బా తెచ్చి మూత తీశాను. "కళ్ళు మూసుకోండి. ఇదేంటో చెప్పండి."

"ఏదీ, ముందు దగ్గరికి తే" అన్నారు. డబ్బా అప్పటికే ఆయన మీసానికి తగులుతోంది.

తల వెనకభాగం కొట్టుకున్నప్పుడు ముక్కు పైన వాసన పట్టే సన్నటి నరాలు తెగుతాయని, కొందరికి వాసన మళ్ళీ తెలుస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఎదురుచూశాం. నాలుకకు ఉప్పూ పులుపూ కారమూ తెలిసేవి. చేపల పులుసులో చేప తెలిసేది కాదు. ఆదివారాలు మాత్రం మానలేదు. ఆయన మూతతో కొలిచి పోసేవారు, నేను వాసన చూసి చెప్పేదాన్ని. ఆయన మొహం వేలాడేస్తే చూడలేక పెద్దపెద్దవి వదిలేదాన్ని. "దీంట్లో ఒక గుర్రం పరిగెడుతోందండి. దాని మీద ఒక దొర. దొర జేబులో మన మోరి ఊరి జీడిపప్పు, నేతిలో వేయించింది." ఆయన నవ్వి ఒక్క అక్షరం వదలకుండా రాసుకునేవారు.

తర్వాతి ఏడు వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఇంక ఆశ పెట్టుకోవద్దన్నారు. "ఇంట్లో గ్యాస్ లీకైనా మీకు తెలీదండి, జాగ్రత్త" అని మాత్రం చెప్పారు. తిరిగొస్తూ ఆయన కారు అద్దం దించి గోదారి వంతెన దాటేదాకా మొహం బయటపెట్టి కూర్చున్నారు. నేను అటు చూడలేదు.

ఆ ఆదివారం గ్లాసు నాకు అందిస్తూ, "గుర్రాలొద్దే. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. చెప్పాను. అరటి గెలలు మాగేసే గది అంటే ఆయన కళ్ళు మూసుకుని కాసేపుండి, "ఆ, అందింది" అనేవారు. ముక్కుకు అందనిది నా మాట పట్టుకుని అందుకునేవారన్నమాట. దాంతోనే నెట్టుకొచ్చేస్తాం అనుకున్నాను. కొత్త సీసాల మూతలు మాత్రం విప్పలేదు. ముందు ఎరగని వాసన నేనెంత చెప్పినా ఆయనకు అందదు కదా.

ఒక ఆదివారం తేగల సీసా వంతు వచ్చింది. చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నారు. కళ్ళు తెరిచి, "తేగలు కాలిస్తే ఎలా ఉంటుందే?" అన్నారు.

"తేగల్లా ఉంటుందండి."

"అదే. ఎలా?"

బజారుకెళ్ళి తేగల కట్ట తెచ్చాను. ఆయన ఎదురుగానే కాల్చి, వేడివేడిగా ఒలిచి చేతిలో పెట్టాను. నమిలారు. "తియ్యగా ఉంది. పీచు తగులుతోంది" అన్నారు, పరీక్షలో తెలిసినంతవరకూ రాసిన పిల్లాడిలా నా మొహం చూస్తూ. మాటలు కూడా పనిచెయ్యడం మానేశాయని అప్పుడు నాకు తెలిసింది.

మొన్న ఆదివారం బీరువా తియ్యలేదు. యాప్ తెరిచి, సీసా లేబుల్‌కు పెట్టినట్టు ఫోన్ నా మొహానికి పెట్టారు. అది కాసేపు గిరగిరా తిరిగి, ఈ సీసా మా దగ్గర లేదని ఇంగ్లీషులో చూపించింది.

"ఉండదు మరి. ఆ కంపెనీ మూసేశారు, సరుకు ఇదొక్కటే మిగిలిందని రాయండి" అన్నాను.

ఆయన నవ్వి తనే గళ్ళు నింపడం మొదలుపెట్టారు. ఊరు రాశారు. వయసు దగ్గర ఆగితే, "అక్కడ అబద్ధం రాయండి" అన్నాను. రాశారు. ఎంత మిగిలిందన్నచోట గీతను వేలితో పూర్తిగా పైకి జరిపారు. వాసన గడి దగ్గరికి వచ్చి ఆగారు.

"ఇక్కడ ఏం రాయమంటావు? నీ వాసన ఏంటే?"

నేను ముంజేయి వాసన చూసుకున్నాను. చీర కొంగు చూసుకున్నాను. "సబ్బు. పోపు. కాస్త పసుపు."

"అవి నీకు అంటుకున్నవి. నీది ఏంటి?"

దేని గురించైనా అడిగితే అల్లి చెప్పగలిగేదాన్ని, ఈసారి మళ్ళీ కొంగే ముక్కుకు పెట్టుకున్నాను. ఎవరి వాసన వాళ్ళకు తెలియదు.

"నాకేం తెలుస్తుందండి? మీకే తెలియాలి."

"నాకు తెలిసేది" అన్నారు.

చేతిలో ఫోన్ వెలుతురు తగ్గిపోతుంటే బొటనవేలితో తాకి మళ్ళీ వెలిగించుకున్నారు. ఖాళీ గడి అలాగే ఉంది. నేనేదో ఒకటి చెబుతానని ఆయన నా మొహం వంకే చూస్తున్నారు.