సముద్రంలోకి దిగిన వాళ్ళకే పాలు

మా పాలెం పెద్దకాపు చిన్నపోలయ్యది ఒకటే మాట: ముందు చెప్పిన తీర్పు ఉండగా కొత్త తీర్పెందుకు? జువ్వలదిన్నెకు ఇవతల మా పల్లెకారులలో ఏ తగవు వచ్చినా కులపెద్దగా ఆయనే తేల్చాలి. అడిగేది ఎవరో చూసేవాడు కాదు, పాత తగవేదో చూసేవాడు. మనిషి మంచివాడే. కానీ ఆ పట్టుదల చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఏళ్ళ కిందట మా పాలెంలోని నాగులమ్మ మొగుడు చేపలవేటలో పోయాడు. ఉమ్మడి పడవలో అతని పాలు, అంటే వేట రాబడిలో వాటా, తనకిప్పించమని ఆమె కాళ్ళావేళ్ళా పడింది. సముద్రంలోకి దిగిన వాళ్ళకే పాలు అని చిన్నపోలయ్య తేల్చేశాడు. ఆమె ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని పిల్లల్ని సాకింది.

పోయిన కార్తీకంలో ఆయన అల్లుడు వినోద్ కూడా వేటకు పోయి తిరిగిరాలేదు. దినాలు కాగానే వినోద్ అన్న ప్రసాద్ తగవు పెట్టాడు. తమ్ముడి పాలు పడవలో మిగిలినవాళ్ళదే అన్నాడు. వినోద్ పెళ్ళాం రోజా ఆ పాలు తనకే రావాలని చంటిబిడ్డతో తండ్రి ఎదుట నిలబడింది. ఈసారి తీర్పు మారుతుందనే అందరం అనుకున్నాం. తనదాకా వస్తే గానీ తెలియదంటారు కదా!

“నాగులమ్మకు చెప్పిందే నా కూతురికీ,” అన్నాడు చిన్నపోలయ్య.

కన్నకూతురు! రోజా ఏడవకుండా వెళ్ళిపోయింది. అది చూసి నాకు భయమేసింది.

మర్నాడు తెల్లవారేసరికి రేవులో కేకలు. పరిగెత్తి వెళ్ళి చూస్తే, చీర ఎగబిగించి రోజా పడవలో వల పక్కన కూర్చుని ఉంది. ఆడది వేటపడవ ఎక్కడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“దిగు మే! గంగమ్మతల్లికి కోపం వస్తాది!” అని ప్రసాద్ అరిచాడు.

“సముద్రంలోకి దిగిన వాళ్ళకే పాలన్నాడు నాయన. నేనూ దిగతా ఉండా.”

ప్రసాద్ పెద్దకాపు వైపు తిరిగాడు. “మామా, నువ్వయినా చెప్పు!”

చిన్నపోలయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“తీర్పులో ఆడా మగా అనలేదు. పోనీండి.”

ఇంజను మోగింది, పడవ అలలు దాటింది. అప్పుడు రోజా బిడ్డను చంకనేసుకుని నాగులమ్మ ఆయన ముందుకు వచ్చింది.

“అన్నా, ఆ పొద్దు నీ కాళ్ళు పట్టుకున్నానే. ఈ మాట నాకెందుకు చెప్పలేదు?”

దానికి ఆయన దగ్గర పాత తీర్పేదీ లేదు.