లావు పాళీ

మా మామయ్య సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. స్కేలు లేకుండా గీసినా గీత వంకర పోదని ఆఫీసంతా చెప్పుకునేది. "అంతా నా చలవే," అనేది మా అమ్మ. తమ్ముడి చేత పలక మీద గీతలు దిద్దించింది ఆవిడే మరి. ఒక్కటి మాత్రం మాన్పించలేకపోయింది. గీత చివర బలపం ఎత్తేటప్పుడు ఎడమవైపుకి చిన్న కొక్కెం పడేది.

యుద్ధం ఆగాక రెండు దేశాల పెద్దలు మా ఊరి మధ్యగా సరిహద్దుకు ఒప్పుకున్నారు. సంతకాల పటం మీద సిరా గీత గీసే పని మామయ్యకు పడింది. "బల్లకి అవతల కూర్చున్నవాళ్లకి కూడా కనపడాలయ్యా," అన్నాడు పై అధికారి. మామయ్య లావు పాళీ తీసుకున్నాడు. గీత దివ్యంగా వచ్చింది. దాని కింద మా వీధి మొత్తం పోయింది. ఎందుకొచ్చిన గొడవని ఒక సైన్యం గీతకు ఈ అంచున, రెండోది ఆ అంచున కంచె వేసుకున్నాయి. మధ్యలో పదకొండు ఇళ్లు, అమ్మ, నేను.

సన్న పాళీతో మళ్లీ గీస్తానని మామయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. సంతకాలైన పటాన్ని ముట్టుకోకూడదన్నారు. ఏటా చర్చలు జరిగేవి. మా వీధి సంగతి ఆఖర్న ఉండేది, అక్కడికొచ్చేసరికి అందరికీ టీ వేళయ్యేది.

మామయ్య ప్రతి ఆదివారం కంచె దగ్గరికి వచ్చేవాడు. అమ్మ తీగల ఇవతల నిలబడి, "ఒరేయ్, ఈ గీత గీసినవాడి చెయ్యి పడిపోను! వాడికి అక్కాచెల్లెళ్లు లేరా?" అని దుమ్మెత్తిపోసేది. "అవునక్కా," అనేవాడు మామయ్య, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని. చలేమో అనుకునేదాన్ని.

నాలుగో ఏడు ఆ పటం అచ్చు ప్రతిని కంచె స్తంభానికి అతికించారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని గీత వెంట వేలు నడిపింది. చివర కొక్కెం దగ్గర వేలు ఆగిపోయింది. ఆ ఆదివారం మామయ్య వస్తే, "తిన్నావా?" అంది. తను పోయేదాకా మళ్లీ గీత ఊసెత్తలేదు.

అమ్మ పోయాకే నాకు కంచె దాటే కాగితం వచ్చింది. ఇప్పుడు మామయ్య ఇంట్లో ఉంటున్నాను. కంచం ముందు కూర్చుని బల్ల మీద వేలితో గీతలు గీస్తుంటాడు, కొక్కెం రాకుండా. వస్తూనే ఉంటుంది. చూస్తుంటే నాకు భయమేస్తుంది.

"అమ్మ నిన్ను క్షమించింది మామయ్యా," అన్నాను మొన్న.

"క్షమించమని నేనడిగానా? ఆదివారం తిట్టించుకుని వస్తే వారమంతా ముద్ద దిగేది. పటం చూశాక ఒక్క తిట్టు తిట్టలేదమ్మా అక్క. ఆవిడ బదులు నువ్వైనా తిట్టవే."

తిడదామనే నోరు తెరిచాను.

"తిన్నావా మామయ్యా?" అనే వచ్చింది.